లోపలుండిపోయిన తాళంచెవి

ఆ ఇంటి తలుపు అందరినీ గుర్తుపడుతుంది, ఒక్క తాతని తప్ప.

కొడుకు ముచ్చటపడి, వేలు పెట్టినా నంబరు నొక్కినా తెరుచుకునే తాళం తెచ్చి బిగించాడు. కొడుకు వేలు పెడితే కిర్రుమంటుంది, కోడలు వేలు పెట్టినా కిర్రుమంటుంది. తాత పెడితే మాత్రం ఎర్రదీపం చూపించి ఊరుకుంటుంది. ఆయన బతుకంతా ఇళ్ళలో రాళ్ళు పరిచి, వాటికి పాలిష్ పట్టిన మనిషి. రాళ్ళతోపాటు వేళ్ళూ నున్నబడిపోయాయి. ఇంక గీతలెక్కడివి, తాళానికి కనబడేదేముంది? అన్ని వేళ్ళూ మార్చి మార్చి పెట్టి చూశాక కొడుక్కి విసుగొచ్చి, నాలుగేళ్ళ కూతురి వేలు ఎక్కించాడు. ఎటూ తాత ఎక్కడికెళ్ళినా అది చంకలో ఉండాల్సిందే. గుమ్మం ముందుకు రాగానే దర్జాగా వేలు చాపి తలుపు తీసేది. "ఇది నా తాళంచెవి" అని తాత అందరికీ చెప్పుకుని మురిసిపోయేవాడు.

"నాన్నా, తలుపు నంబరు మార్చాను, గుర్తుపెట్టుకో" అని మొన్న కొడుకు చెబితే, "తాళంచెవి చంకలో ఉండగా నాకెందుకురా నంబర్లు" అని కొట్టిపారేశాడు.

అంత నిశ్చింతగా మాట్లాడాడు గానీ, ఆయన పరమ భయస్థుడు. పిల్ల విషయంలో మరీను. ఒకసారి అది తలుపు తీసుకుని వీధిలోకి పరిగెత్తిందని, లోపలి పిడి పిల్ల తిప్పినా తిరగకుండా కొడుకు చేత కట్టడి పెట్టించాడు. బొమ్మలు చూస్తే కళ్ళు పోతాయని తన ఫోను బీరువా మీద పెట్టేవాడు. ఇక కరెంటు ప్లగ్గుల సంగతి చెప్పనే అక్కర్లేదు. "ముట్టుకున్నావంటే కరెంటు పట్టుకుంటుంది. పట్టుకుంటే ఇంక వదలదు" అని కళ్ళు పెద్దవి చేసి రోజూ పాఠం చెప్పేవాడు. పిల్ల ప్లగ్గుల పక్కనుంచి నడవాల్సొస్తే చేతులు వెనక్కి కట్టుకుని నడిచేది.

ఆయనకి సుతరామూ గిట్టనిది బల్ల మీది పలికే డబ్బా. కోడలు కూడా పనికెళ్ళే మధ్యాహ్నం పూట పిల్ల "నాన్నకి ఫోన్ చెయ్యి" అంటే చాలు, రంగుల గోదాములో ఉన్న కొడుకుని పలికించేది. అది బాగానే ఉందని తాత కూడా ఒప్పుకున్నాడు. కానీ ఇంట్లో ఎవరిదో చెవి ఒకటి ఎప్పుడూ తెరుచుకునుందని ఆయనకి లోపల గుబులు. ఆ రోజు తాత టీవీలో కనబడ్డవాణ్ణెవరినో చెడామడా తిడుతుంటే, డబ్బా మధ్యలో దూరింది. "క్షమించండి, మీరన్నది నాకు అర్థం కాలేదు."

"నిన్నెవరడిగారే!" అని ప్లగ్గు పీకి నేల మీద పారేశాడు తాత.

ఆ విజయం తలకెక్కిందో ఏమో, పిల్లకి పాలు పొయ్యి మీద పెట్టి, మసిగుడ్డ పక్కనే వదిలేసి, చెత్త సంచి పట్టుకుని మెట్ల దాకా వెళ్ళాడు. సంచి అక్కడ దించేలోపు గాలి తలుపుని లాగింది. కిర్రుమంది.

వెనక్కి తిరిగి మూసిన తలుపుని చూశాక గానీ, తాళంచెవి లోపలుండిపోయిందని ఆయనకి తట్టలేదు.

వేలు పెట్టాడు. ఎర్రదీపం. చొక్కాకి తుడిచి పెట్టాడు. ఎర్రదీపం. పాత నంబరు నొక్కాడు, తిరగేసి నొక్కాడు, నోటికొచ్చిందల్లా నొక్కాడు. చివరికి తాళం తియ్యటి గొంతుతో, "కొంతసేపు ఆగి మళ్ళీ ప్రయత్నించండి" అంది. ఆయన తలుపు మీద అరచేత్తో దబదబా బాదాడు.

"తాతా, తలుపెందుకు వేశావ్?" లోపలినుంచి పిల్ల అడిగింది.

"ఏం లేదు బంగారం. నువ్వు వంటింట్లోకి మాత్రం వెళ్ళకు. ఇక్కడే, నా దగ్గరే నిలబడు."

ఎదురింట్లో బట్టలు కుట్టే ఆవిడ తలుపు చప్పుడికి కత్తెర పట్టుకునే బయటికొచ్చింది. సంగతి వినగానే ఫోను తీసింది. "అబ్బాయి నంబరు చెప్పండి బాబాయిగారూ. ఆయన ఫోన్లోంచే తలుపు తెరవచ్చుగా."

తాత నోరు తెరిచాడు. ఒక్క అంకె రాలేదు. ఒకప్పుడు ఊళ్ళో సగం మంది నంబర్లు ఆయన నాలుక మీదే ఉండేవి. ఇప్పుడు కొడుకంటే ఫోన్లో ఒక బొమ్మ, దాన్ని నొక్కితే కొడుకు పలుకుతాడు. ఆ ఫోనేమో బీరువా మీదుంది. కన్నకొడుకు నంబరు తెలియనందుకు ఆయనకి ఏడుపొచ్చింది.

ఆవిడ అగ్నిమాపక దళానికి ఫోన్ చేసింది. బయల్దేరుతున్నామన్నారు. ఆ మాట ఆయనకి ఓదార్పు కాలేదు, ఎందుకంటే తలుపు కిందినుంచి మాడిన పాల వాసన వస్తోంది. దాని వెనకే ఇంకో వాసన, బట్ట కాలుతున్నది.

"తాతా, వంటింట్లో పొగ. గుడ్డ ఎర్రగా అయింది."

తాత తలుపుని భుజంతో గుద్దాడు. ఇనప తలుపు, ఉలకలేదు పలకలేదు. కుట్టే ఆవిడ సుత్తి కోసం కిందికి పరిగెత్తింది. పొగ సన్నగా గడప దాటి ఆయన కాళ్ళ మీదికొచ్చింది. లోపల పిల్ల దగ్గడం మొదలుపెట్టింది.

అప్పుడు డబ్బా గుర్తొచ్చింది. దానితోపాటే, తాను పీకి పారేసిన ప్లగ్గూ గుర్తొచ్చింది.

"బంగారం... నువ్వు మాట్లాడే డబ్బా ఉంది చూడు. దాని ప్లగ్గు నేల మీదుంది. తీసి గోడకి పెట్టాలమ్మా."

 లోపలినుంచి చిన్న గొంతు. "కరెంటు పట్టుకుంటుంది."

"పట్టుకోదు."

"పట్టుకుంటే వదలదని నువ్వే చెప్పావ్."

"అబద్ధం చెప్పానమ్మా. పట్టుకోదు."  ఏది అబద్ధమో ఆయనకే తెలియదు. "చేతులు తడిగా ఉన్నాయా?"

"వేలు నోట్లో పెట్టుకున్నా."

ఆయన కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. "గౌనుకి తుడుచుకో. బాగా తుడుచుకో. నల్లగా ఉన్నచోటే పట్టుకో, ఇనప ముక్కలు ముట్టుకోకు. నేనిక్కడే ఉన్నా."

చిన్న అడుగులు తలుపు దగ్గర్నుంచి దూరమయ్యాయి. అంతకంటే భయంకరమైన చప్పుడు ఆయన పుట్టి బుద్ధెరిగాక వినలేదు. దగ్గు వినిపించింది. ప్లగ్గు గోడకి తగిలి జారిన చప్పుడు వినిపించింది. మళ్ళీ తగిలింది. ఆ తర్వాత ఏమీ వినిపించలేదు.

"బంగారం!" అని అరిచాడు.  "అమ్మా! పలకవే!"

"నీలం లైటు తిరుగుతోంది తాతా."

తాత నేల మీద కూలబడ్డాడు. డబ్బా తాపీగా నిద్రలేచి నమస్కారం చెప్పేదాకా ఆయన ఊపిరి తీసుకోలేదు. పిల్ల దగ్గుతూనే, "నాన్నకి ఫోన్ చెయ్యి" అంది. కొడుకు గొంతు పలికింది. తాత బయటినుంచి గొంతు చించుకుని అరిచాడు. "తలుపు తియ్యరా! మంట! తలుపు తియ్యి!"

కిర్రుమంది.

మసిగుడ్డ నుంచి మంట పక్కనున్న కూరల సంచికి పాకింది, గోడ నల్లబడింది. అగ్నిమాపక దళం వచ్చేలోపే తాత బకెట్టు నీళ్ళు కుమ్మరించి ఆర్పాడు. పిల్లని మెట్ల దగ్గరికి ఎత్తుకొచ్చి ఒళ్ళంతా తడిమి చూశాడు. దానికేం కాలేదు. అది మాత్రం బిక్కమొహం వేసుకుని, "ప్లగ్గు ముట్టుకున్నా. కొడతావా?" అని అడిగింది. 

మర్నాడు నంబరు కాగితం మీద రాసి కుట్టే ఆవిడకిచ్చారు, పాతకాలపు ఇనప తాళంచెవి కూడా ఒకటి చేయించారు, డబ్బాని ఎవరూ పీకకూడదని అనుకున్నారు. తాత కూడా డబ్బాని చూసి కాస్త మర్యాదగానే నడుచుకున్నాడు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

మధ్యాహ్నం ఆయన ఒక్క నిమిషం కునుకు తీసి కళ్ళు తెరిచేసరికి, పిల్ల గోడ దగ్గర గొంతుక్కూర్చునుంది. ప్లగ్గు పీకేసి పక్కన పెట్టింది. నోట్లోంచి తీసిన వేలు, తడి మెరుస్తూ, గోడలోని కన్నం వైపు వెళుతోంది.

కేకేస్తే ఉలిక్కిపడి వేలు లోపలికి తోసేస్తుందేమోనని ఆయన కేకైనా వేయలేదు. పాకుతూ వెళ్ళి ఆ వేలిని గుప్పిట్లో పట్టుకున్నాడు.

"పట్టుకోదు తాతా" అంది పిల్ల నవ్వుతూ. "నువ్వే చెప్పావుగా."

సాయంత్రం కొడుకొచ్చి తలుపు తీసేదాకా ఆయన ఆ వేలు వదలలేదు.