నాయనమ్మ పక్కన చోటు

ఢిల్లీ ఆర్.కె. పురం క్వార్టర్లలో పొద్దు పాల బూత్ దగ్గర మొదలవుతుంది. భీమేశ్వరరావు ఇంట్లో సీసాలు పట్టుకుని వెళ్లేది వాళ్లమ్మ తాయారమ్మే. కొన్నాళ్లుగా ఆవిడ మానేసింది. ఒకరోజు క్యూలో నిలబడి ఉండగా, పిల్లల్ని నిద్రపుచ్చే జోలపాట మరిచిపోయింది. అది పాలిచ్చే భయ్యాకు చేరింది. బీహారు మనిషి, తెలుగు ముక్క రాదు. అయినా ఇప్పుడు సీసాలందిస్తూ ఆ జోలపాటే పాడుకుంటాడు.

తాయారమ్మ మరిచిపోయినవి అలా ఆ క్షణంలో పక్కన ఎవరుంటే వాళ్లకు చేరేవి. ఇంట్లో అందరికీ అలవాటైపోయింది. పెద్దకోడలు కమలాకుమారికి ఒక మధ్యాహ్నం ఆవకాయ పాళ్లన్నీ తెలిసిపోతే, మాట్లాడకుండా జాడీలు తన వైపు జరుపుకుంది. తను పుట్టకముందు ఇంట్లో జరిగిన తగాదా ఒకటి ఉన్నట్టుండి గుర్తొచ్చి, భీమేశ్వరరావు ఆ రోజు ఆఫీసుకు ఆలస్యంగా వెళ్లాడు.

ఆవకాయ పోయినా తాయారమ్మకు బెంగ లేదు. బెంగంతా చిన్నకొడుకు నరసింహులు గురించి. జవానుగా వెళ్లి డెబ్భై ఒకటి యుద్ధంలో పోయాడు. అప్పటికి భార్య గౌరి కడుపుతో ఉంది. ఆమె అతనితో కాపురం చేసింది రెండు సెలవులే. తరవాత పుట్టిన ఛాయకు నాన్నంటే గోడ మీద ఫొటో. అతన్ని మొదటి నుంచీ ఎరిగింది తల్లి ఒక్కతే. ఆ జ్ఞాపకం ఏ బస్సులోనో పక్క సీటు మనిషికి వెళ్లిపోతే? అందుకే ఆవిడ గడప దాటడం లేదు.

అందుకే ఇంకో సంగతికీ బదులు చెప్పడం లేదు. గౌరి ఆఫీసులోనే పనిచేసే హనుమయ్య ఆమెను పెళ్లి చేసుకుంటానని అడిగాడు. భార్య పోయినవాడు, నెమ్మదస్తుడు. ఛాయను కూతురిలా చూసుకుంటానన్నాడు. ఎండాకాలంలో అతనికి నాగపూర్ బదిలీ. అత్తయ్య తన నోటితో చెబితేనే చేసుకుంటానని గౌరి అంది. భీమేశ్వరరావు తల్లిని అడిగి అడిగి ఊరుకున్నాడు. ఆవిడ కాదనదు, ఔననదు. తల్లీపిల్లా వెళ్లిపోతే, నరసింహులు తన తలలోంచి వెళ్లే వేళకు పక్కన ఎవరుంటారు?

ఆ ఏడు దుర్మతి ఉగాది ఆదివారం పడింది. ఘాజియాబాద్ నుంచి తాయారమ్మ చెల్లెలి కూతురు మాణిక్యం మొగుణ్ణీ పిల్లల్నీ వెంటేసుకుని దిగి, పండగ లోడీ గార్డెన్‌లో చేద్దామని తీర్మానించింది. పులిహోర, బొబ్బట్లు అక్కడికే పట్టుకుపోదామంది. తాయారమ్మ రానంది. మాణిక్యం వింటేనా. "నిన్ను మోసుకెళ్లమన్నా మోసుకెళ్తాను పెద్దమ్మా, మా ఆయన ఖాళీగానే ఉన్నాడు," అంది. చివరికి టాక్సీ మాట్లాడారు. తాయారమ్మ వెనక సీట్లో గౌరికీ ఛాయకూ మధ్య ఇరుక్కుని, ఇద్దరి చేతులూ వదలకుండా కూర్చుంది.

గుమ్మటం ముందు పచ్చికలో జంపఖానా పరిచారు. ఉగాది పచ్చడి తినందే ఇంకేదీ ముట్టకూడదు. పచ్చడిలో మాత్రం వేప్పువ్వు లేదు. ఢిల్లీలో వేప ఉగాది దాటాకే పూస్తుంది. ఏటా ఊరి నుంచి వచ్చేవాళ్లెవరో ఎండు పువ్వు తెచ్చేవారు, ఈసారి ఎవరూ రాలేదు. పిల్లలు బొబ్బట్ల డబ్బా చుట్టూ తిరుగుతున్నారు. అంతలో మాణిక్యం చీర కొంగు నిండా పూలు కోసుకొచ్చింది. ఊదారంగు పూలు.

"వేప్పువ్వు ఊదారంగులో ఉంటుందా?" అని కమలాకుమారి అనుమానపడింది.

"ఢిల్లీ వేప ఇలాగే ఉంటుంది వదినా. ఇక్కడి నీళ్లు అలాంటివి."

తేల్చమని అందరూ తాయారమ్మ వైపు తిరిగారు. ఆవిడ పూలు అరచేతిలో వేసుకుంది. వాసన చూసింది. చాలాసేపు చూసి, "ఏమోనే. వేప్పువ్వు ఎలా ఉంటుంది?" అంది.

ఆవిడ మోకాలికి ఆనుకుని కూర్చున్న ఛాయ, ఏమడిగినా హిందీలోనే బదులు చెప్పే ఛాయ, చెయ్యి చాపి ఆ పూలన్నీ తీసి దూరంగా పడేసింది.

"అవి కొండవేప పూలు మాణిక్యం అత్తా. తింటే కడుపులో తిప్పుతుంది. వేప్పువ్వు తెల్లగా, నూకంత ఉంటుంది. పువ్వు దొరక్కపోతే లేతచిగురు నలిపి వేసుకోవచ్చు. అదుగో, ఆ గోడ పక్కది వేపచెట్టు."

"అమ్మయ్య, మా పిల్లలకింక ట్యూషన్ నువ్వే చెప్పు," అంటూ మాణిక్యం చిగురు కోయడానికి లేచింది.

తాయారమ్మ మనవరాలినే చూస్తోంది. వేప్పువ్వు దాని దగ్గరకు చెక్కుచెదరకుండా చేరింది. రంగు, వాసన, లేకపోతే ఏం చెయ్యాలో అదీ. ఒక్కటీ ఒలికిపోలేదు.

"ఛాయా, ఒళ్లోకి రా."

"నేను పెద్దదాన్నయ్యాను నాయనమ్మా."

"అయితే అయ్యావులే. రా."

పచ్చడి వచ్చింది. తాయారమ్మ పిల్లను గుండెకు ఆనించుకుని తన చేత్తో తినిపించింది. రెండో చెయ్యి పిల్ల పొట్ట చుట్టూ వేసి, కళ్లు మూసుకుంది. ఇన్నాళ్లూ పట్టుకున్న పట్టు ఆవిడ ఎప్పుడు వదిలిందో ఎవరూ చూడలేదు. ఛాయ నమలడం ఆపేసింది. తరవాత నవ్వింది.

"నాన్న కాలవలో ఈతకెళ్లి చొక్కా పోగొట్టుకున్నాడు. గేదె తినేసిందని చెప్పాడు. రెండో చొక్కా కూడా గేదే తినేసిందన్నాడు."

గౌరి చేతిలో గిన్నె కింద పెట్టేసింది. "ఛాయా, నాన్న గొంతు ఎలా ఉండేది?" అని అడిగింది. ఆమెకు అది ఎప్పుడో చెరిగిపోయింది.

"కొంచెం బొంగురుగా, అమ్మా. పాడితే పెదనాన్న చెవులు మూసుకునేవాడు. నిన్ను పిలిచేటప్పుడు మాత్రం మెల్లగా పిలిచేవాడు." పిల్ల మొహంలో నవ్వు తగ్గిపోయింది. "ఆఖరిసారి రైలెక్కి వెనక్కి తిరగలేదు. తిరిగితే దిగిపోతానన్నాడు."

భీమేశ్వరరావు మొహం అటు తిప్పుకున్నాడు.

తాయారమ్మ కళ్లు తెరిచింది. ఎన్నో ఏళ్లుగా ఎవరూ ఎరగనంత తేటగా ఉంది ఆవిడ మొహం. కొడుకును గుర్తుపట్టింది, కమలాకుమారిని గుర్తుపట్టింది. గౌరి దగ్గర చూపు ఆగింది.

"ఈ అమ్మాయి ఎవర్రా భీమేశం?"

"మన గౌరి, అమ్మా."

"లక్షణంగా ఉంది. మెళ్లో సూత్రాలు లేవే. ఈడొచ్చిన పిల్లకు ఇంకా పెళ్లి చెయ్యకపోతే ఎలారా?"

భీమేశ్వరరావు తల్లి దగ్గరకు జరిగాడు. "సంబంధం ఉందమ్మా. మంచివాడు. నాగపూర్ వెళ్తున్నాడు."

"మంచివాడైతే ఆలస్యం దేనికి? చేసెయ్యండి."

గౌరి లేచి వచ్చి ఆవిడ పాదాలకు దణ్ణం పెట్టింది. తాయారమ్మ పెళ్లికాని పిల్లలకు ఇచ్చే దీవెన ఇచ్చింది. ఆమె తల మీది చెయ్యి తియ్యకుండానే ఒళ్లోని పిల్ల వైపు చూసి, "నువ్వెందుకమ్మా ఏడుస్తున్నావు?" అని అడిగింది.