కదిరవన్ బిగించిన గాజుపెట్టె

కదిరవన్‌కు కంప్యూటర్ల గురించి తెలిసినంత సూలూరులో ఇంకెవరికీ తెలియదు. ఈ మాట చెప్పింది కదిరవనే. వాళ్లమ్మ తాయమ్మాళ్ నమ్మింది, అన్న శరవణకుమార్ కాదనలేదు, దాంతో ఆ ఇంట్లో అది నిజమైపోయింది. మనిషి చేసే ఉద్యోగమేమో సెల్‌ఫోన్ల షోరూంలో కౌంటరు వెనక నిలబడి ఫోన్లకు తొడుగులు అమ్మడం. కంప్యూటరు పేరెత్తి వాడు నోరు తెరిస్తే చాలు, వదిన లోకేశ్వరికి ఒళ్లు మండేది.

లోకేశ్వరి పెళ్లికి ముందు ఒక మిల్లు డిజైన్ సెంటర్లో చీరల అంచులు గీసేది. కంప్యూటర్లో ఆమె గీసిన పువ్వూ రుద్రాక్షా మగ్గం మీద జరీ నేతగా వచ్చేవి. పెళ్లయ్యాక అది మానేసి ఇంట్లో సాంబారు కలుపుతూ కూర్చుంది. ఇన్నేళ్లకు, వెనక వీధిలో పవర్‌లూమ్ షెడ్డున్న అప్పసామి ఆమెను గుర్తు పెట్టుకుని పిలిచాడు.

"అమ్మణి, సోమవారం పొద్దునకి మొదటి అంచు నా చేతిలో ఉండాల. అది బాగుంటే దీపావళి చీరలన్నీ నీకే. లేదంటే కోయంబత్తూరులో గీసేవాళ్లు ఉండనే ఉండారు" అన్నాడు.

ఆ రోజు నుంచి లోకేశ్వరికి నిద్ర సరిగ్గా పట్టలేదు. ఇంట్లో ఉన్న పాత ల్యాప్‌టాప్ డిజైన్ సాఫ్ట్‌వేర్ తెరవగానే బిగుసుకుపోతోంది. కొత్త కంప్యూటరు కావాలి. ఇది చేజారితే తనను మళ్లీ ఎవరూ పిలవరని ఆమెకు తెలుసు.

విడి భాగాలు కొని ఇంట్లో బిగిస్తే మంచిదని అందరూ అన్నారు. బిగించేది ఎవరని ఎవరూ అడగలేదు. గాంధీపురం వెనక సందులోని కంప్యూటరు దుకాణానికి వదినతో, అన్నతో కలిసి కదిరవన్ పెళ్లికొడుకులా నల్ల కళ్లజోడు పెట్టుకుని బయలుదేరాడు.

మిగతావన్నీ గొడవ లేకుండా తేలాయి. అవన్నీ బిగించే పెట్టె, కేబినెట్ దగ్గర వచ్చింది చిక్కు. లోకేశ్వరి చూపు ఒక మూలనున్న రేకు కేబినెట్ మీద పడింది. ముందువైపంతా జాలీ, దాని వెనక లాగి కడుక్కునే దుమ్ము ఫిల్టరు. వాళ్ల ఇంటి వెనకే మగ్గాల షెడ్డు. పొద్దునే తుడిచిన బల్ల మీద మధ్యాహ్నానికి దూది నూగు పేరుకుంటుంది. డిజైన్ సెంటర్లో వారం వారం పెట్టెలు విప్పి కుంచెతో నూగు దులిపింది ఆమే. ఏది గాలి పీలుస్తుందో, ఏది ఉక్కిరిబిక్కిరై ఆగిపోతుందో చూసిన మనిషి.

"ఇది చాలు" అంది.

కదిరవన్ దాన్ని బూటు కొనతో తాకి పెదవి విరిచాడు. "ఏంది వదినె ఇది, ఆఫీసు డబ్బా మాదిరి. మీకి తెలీదు. ఈ కాలంలో లుక్ ముఖ్యం. లోపల ఏముండాదో నాలుగు పక్కలా కనపడాల." అని ఎదురుగా ఉన్న గాజు కేబినెట్‌ను చూపించాడు. ముందు గాజు, పక్కన గాజు, మూడు ఫ్యాన్లలో మూడు రంగుల దీపాలు. గుడి రథానికి కట్టే సీరియల్ బల్బులు దానికంటే నయం. వాటికైనా ఒక దేవుడుంటాడు.

"ముందర గాజుంటే గాలి ఎట్ల పోతుంది?" అని అడిగింది లోకేశ్వరి.

"పక్కన సందుండాది వదినె. అంతా సైన్సు." ఆ చిటికెన వేలంత సందును చూపించి, దానికి తోడు మరో రంగుల లైటు పట్టీ కూడా కొనిపించాడు.

లోకేశ్వరి మొగుడి వైపు తిరిగింది. శరవణకుమార్ తమ్ముడినీ చూశాడు, ఆమెనూ చూశాడు, ఆ తర్వాత దుకాణం పైకప్పును చూశాడు. "ఏదైనా సరి" అన్నాడు.

వీధిలో శరవణకుమార్‌కు మంచి పేరు. నోట్లో వేలు పెట్టినా కొరకడంటారు. ఎదురింటి ఆడవాళ్లు లోకేశ్వరితో, నీ మొగుడు బంగారం అని నెలకోసారైనా అంటారు. తాగడు, అరవడు, చెయ్యెత్తడు. లోకేశ్వరి కూడా అలాగే అనుకునేది. ఆ తమ్ముడితో పోల్చుకుంటే ఎవడైనా బంగారమే గదా.

గాజు కేబినెట్ మరుసటి రోజు పొద్దున గూడ్సు ఆటోలో వచ్చింది. ఆ సమయానికి లోకేశ్వరి అప్పసామి షెడ్డులో పాత చీర అంచులు చూస్తోంది. తిరిగి వచ్చేసరికి ముందుగదిలో కిటికీలన్నీ మూసి ఉన్నాయి, దీపం ఆర్పి ఉంది. పట్టపగలు ఆ చీకట్లో కదిరవన్ నేల మీద కూర్చుని, లైటు పట్టీని ఫోను చార్జరుకు తగిలించి గదంతా ఊదారంగు చేసేశాడు. అన్న చేతికి ఫోనిచ్చి వీడియో తీయిస్తున్నాడు.

"ఫ్రెండ్స్, వణక్కం" అన్నాడు ఫోన్లోకి. వాడి ఛానెల్ చూసేది వాడూ, వాడి స్నేహితులు ముగ్గురూ.

"దీపం వేసుకోని చేయరాదా? మరలు కనపడవు" అంది లోకేశ్వరి.

"వదినె, గ్లో రాదు." చెయ్యి చాచి, "ఆ బోర్డు ఇట్లివ్వండి" అన్నాడు. ఆమె మదర్‌బోర్డును కవర్లోంచి తీసి అందించింది. వాడు కేబినెట్‌ను పక్కకు పడుకోబెట్టాడు. లోపల ఏదో గలగలమని జారింది.

"ఏందో మోగింది."

"స్క్రూలు వదినె. మాట్లాడకండి, ఆడియో పోతాది."

ఫోను పట్టుకున్న శరవణకుమార్ చెయ్యి కదిలింది. "అణ్ణా, షేక్ అవుతాది" అని కసిరాడు తమ్ముడు. అన్న చెయ్యి కుదురుగా పెట్టుకున్నాడు.

కదిరవన్ బోర్డును లోపల పెట్టి, మరలు బిగించి, కరెంటు సరఫరా చేసే ఎస్‌ఎంపీఎస్ తీగలన్నీ అందంగా వెనక దాచి, నెత్తిమీది చెమట తుడుచుకుని బటన్ నొక్కాడు. ఫ్యాన్లు ఒక్క తిప్పు తిరిగి ఆగిపోయాయి. మళ్లీ నొక్కాడు. మళ్లీ ఆగాయి. వాడి మొహం మాడిపోయింది. ఛానెల్లో మాత్రం "ఫ్రెండ్స్, చిన్న టెక్నికల్ ఇష్యూ" అని నవ్వాడు.

తీగలన్నీ పీకి మళ్లీ పెట్టాడు. బోర్డును మాత్రం కదపలేదు. కాసేపటికి వీడియో ఆపి, ముద్దాయి దొరికినవాడిలా వదిన వైపు తిరిగాడు. "సింథటిక్ చీర కట్టుకోని బోర్డుని ముట్టుకున్నారు మీరు. స్టాటిక్ కరెంటు పాసయిండాది. బోర్డు కాలిపోయె. మీ చేతిలోనే పోయింది వదినె, నేనేం చేసేది?"

లోకేశ్వరికి తల కొట్టేసినట్టయింది. ఆ పూట కట్టుకున్నది నూలు చీరే, వాడి మొహాన చూపించింది కూడా. వాడు వినలేదు. బోర్డును కంపెనీకి పంపాలనీ, మారి రావడానికి వారాలు పడుతుందనీ, ఈలోగా అప్పసామి అంచులను కోయంబత్తూరులో తన స్నేహితుడికి ఇప్పిస్తాననీ, పెద్ద ఉపకారం చేస్తున్నట్టు చెప్పాడు. ఆమె ఎన్నో ఏళ్లకు దొరకబుచ్చుకున్న పనిని, ఎవడో స్నేహితుడికి, అరటిపండు ఒలిచి పెట్టినంత సులువుగా.

తాయమ్మాళ్ నిట్టూర్చి లోపలికి పోయింది. శరవణకుమార్ మెల్లిగా అన్నాడు, "పోతే పోనీ లోకూ. ఈ సీజన్ విడిచిపెట్టు. ఎందుకు గొడవ?"

ఆ రాత్రి ఆమె అన్నం తినలేదు.

శనివారం అన్నదమ్ములిద్దరూ పనులకు వెళ్లగానే లోకేశ్వరి కిటికీలన్నీ బార్లా తెరిచింది. స్క్రూడ్రైవరు తెచ్చుకుని గాజు తలుపు తీసి, తీగలన్నీ విప్పి, మరలు తీసి, బోర్డును పైకెత్తింది. కింద నల్లటి రేకు మీద పసుపు ముద్ద, ఆ ముద్ద మీద అతుక్కున్న రూపాయి కాసు, చుట్టూ బియ్యపు గింజలు. కాసు అంచు బోర్డు వెనకనున్న టంకపు చుక్కలకు నొక్కుకుపోయిన గుర్తు స్పష్టంగా ఉంది. కరెంటు అక్కడ దారి తప్పి ఎక్కడికక్కడ ఆగిపోయింది. బోర్డు కాలనూ లేదు, చావనూ లేదు.

"అత్తా, ఇదేంది?"

తాయమ్మాళ్ వంటింట్లోంచి వచ్చి చూసింది. ఆమెకు భయమూ లేదు, సిగ్గూ లేదు. "నేను పెట్టిందే. ఖాళీ పెట్టెని ఇంటిలోకి ఎట్ల తెచ్చేది? కొత్త బిందె తెచ్చినా, బీరువా తెచ్చినా ఉత్తదిగా గడప దాటిస్తామా? పిడికెడు బియ్యమేసి లోపలి గోడకి పసుపులో కాసు అంటించినా. మీ అమ్మ చేయదా?"

చేస్తుంది. లోకేశ్వరి ఇంట్లో ఉండి ఉంటే తనే చేసేదేమో, కాకపోతే బోర్డు పెట్టేముందు తీసేసేది. ముసలామె మీద ఆమెకు కోపం రాలేదు. కాసు చూపించి, దీని వల్లే నడవలేదని చెప్పింది.

తాయమ్మాళ్ ఆ కాసును ఊడదీసి అరచేతిలో పెట్టుకుంది. "గాజు పెట్టిచ్చింది లోపల కనపడాలనే గదా? ఇంత కాసు వాడి కళ్లకి కనపడలే?" అంది. కడుపున పుట్టినవాడైనా ఆమె గొంతులో జాలి లేదు. లోకేశ్వరికి రెండు రోజుల తర్వాత మొదటిసారి నవ్వొచ్చింది.

నవ్వు ఇంకా పూర్తి కాలేదు, అత్త మళ్లీ అంది. "అయినా పెద్దోడు చెప్పి ఉండాల్నే. వాడే గదా గడపకాడ పెట్టె పట్టుకునింది. కాసు జారిపోకుండా బాగా ఒత్తమ్మా అని చెప్పిందీ వాడే."

లోకేశ్వరి గింజలు దులపడానికి కుంచె అందుకుంది. గలగలమని మోగినప్పుడు ఫోను పట్టుకున్న చెయ్యి ఎందుకు కదిలిందో ఇప్పుడు తెలిసింది.

బియ్యం ఏరి, పసుపు తుడిచి, టంకపు చుక్కలను స్పిరిట్ దూదితో రుద్ది, ఆరనిచ్చి, అన్నీ తిరిగి బిగించింది. బటన్ నొక్కితే మొదటిసారికే తెర వెలిగింది. ముందు గాజు వెనక వేడి పెరుగుతుందని పక్క తలుపు తీసేసి, పల్చటి వల గుడ్డ కట్టింది. మూడు రంగుల దీపాల తీగ పీకి పక్కన పడేసింది. సాయంత్రం దాకా కదలకుండా అంచు గీసింది.

శరవణకుమార్ పని నుంచి వచ్చి, వెలుగుతున్న తెరను చూసి గడపలోనే ఆగాడు. అతని మొహంలో ఆశ్చర్యం లేదు. అదే ఆమెకు అన్నిటికంటే ఎక్కువ గుచ్చుకుంది.

"మీకి తెలుసునా?" అని అడిగింది.

అతను చెప్పులు విప్పాడు, వాటిని సరిగ్గా పక్కపక్కన పెట్టాడు. "వాడు వీడియో తీస్తా ఉండె. నడుమ చెప్తే వాడికి బాగుండదని."

"అది సరి. వీడియో అయిపోయినంక?"

"అమ్మ పెట్టిందని తెలిస్తే అమ్మని అంటాడు లోకూ. నీకి తెలుసు గదా వాడి నోరు."

"నన్ను అన్నాడు గదా. నా చేతిలో బోర్డు కాలిపోయిందని అన్నాడు. పని ఇంకొకడికి ఇస్తానని అన్నాడు. మీరు పక్కనే నిలబడుకోని ఉండారు."

అతను చెప్పులను ఇంకాస్త గోడవారకు జరిపాడు. అబద్ధం చెప్పడం కూడా చేతకాని మనిషి. చివరికి ఎంతో మెల్లగా, ఓదార్చే గొంతుతో, ఆమెను మెచ్చుకుంటున్నట్టే అన్నాడు. "నువ్వంటే తట్టుకుంటావు గదా."

బయట షెడ్డులో మగ్గాలు ఆగకుండా కొట్టుకుంటున్నాయి. లోకేశ్వరి కుర్చీలోంచి లేవలేదు.

"సోమవారం అప్పసామన్నకి అంచు ఇచ్చి, అటునుంచి అటే పోయి ఈ పెట్టె మార్చుకోని వస్తాను. జాలీ ఉండేది. మీరు రావద్దు" అంది.

శరవణకుమార్ తల ఊపాడు. మంచివాడు గదా, కాదనడు. లోపలికి రెండడుగులు వేసి ఆగి, నిజంగా దిగులు పడుతూ అడిగాడు. "మరి కదిరవన్‌కి ఏమని చెప్పేది?"

కదిరవన్‌ను తిట్టడానికి లోకేశ్వరి దగ్గర గంపెడు మాటలున్నాయి. కోతలరాయుడు, బడాయి మొహం, కళ్లు నెత్తికెక్కినవాడు. పొద్దుటి నుంచీ వాటిని ఒక్కొక్కటే నోట్లో నానబెట్టుకుంటూనే ఉంది. ఎదురుగా నిలబడి జవాబు కోసం చూస్తున్న ఈ మనిషికి తగిన మాట కోసం వెతికింది. ఒక్కటీ దొరకలేదు.