నొక్కిన వైపు

రొట్టె తట్టేటప్పుడు అరచెయ్యి పైనుంచి దిగుతుంది, పిండి పక్కలకు సాగుతుంది. మా కన్నడ సీమలో ఎళ్ల అమావాస్య పండగ వస్తోందంటే మా అత్త రామాబాయికి బుట్టెడు సజ్జరొట్టెలు కావాలి. నువ్వులద్ది కాల్చి, పెళపెళలాడేదాకా ఆరబెట్టాలి. పండగనాడు కల్మలలోని మా పొలానికి అందరూ వెళ్లి, చేనుకు ఇంత నైవేద్యం చల్లి, అక్కడే కూర్చుని తింటారు. తట్టేది మాత్రం నేనొక్కదాన్నే. “హేమ చెయ్యి వడ్తెనే రొట్టె పల్చగైతది” అంటుంది అత్త. ఆ మెచ్చుకోలుతోనే పెళ్లయినప్పటి నుంచి నన్ను పొయ్యి దగ్గర కూర్చోబెట్టింది.

నేను డిగ్రీ కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పే గెస్ట్ లెక్చరర్‌ని. పండగ ఎల్లుండి, రేపు కాలేజీ పిల్లల్ని మస్కి కొండలకు తీసుకెళ్లాలి. అక్కడ ఒకప్పుడు సముద్రం అడుగున లావా పొంగి, నీళ్లు తగలగానే దిండ్లలాగా గట్టిపడింది. తర్వాత రెండు భూఫలకాలు ఎదురెదురుగా జరిగి, మధ్యలోని సముద్రాన్ని మూసేసి, పర్వతాలను పైకి లేపాయి. అదంతా జరిగి సుమారు రెండు వందల యాభై కోట్ల ఏళ్లు. పర్వతాలు ఎప్పుడో అరిగిపోయాయి, ఇప్పుడు మేకలు మేసేది వాటి మొదళ్ల మీద. ఆ రాతి దిండ్లు కూడా రొట్టెల్లా నొక్కుకుపోయి ఉంటాయి. ఎటు పలచబడ్డాయో చూస్తే ఒత్తిడి ఏ వైపు నుంచి వచ్చిందో చెప్పొచ్చు. ఈ ఒక్క సంగతి పిల్లల చేత తడిమించి చెప్పాలని నాకెంత ఆశో. పోయినేడు వెళ్దామంటే అత్తకు కంటి ఆపరేషన్, అంతకుముందు ఆడబిడ్డ సీమంతం. ఈసారీ వెళ్లకపోతే వచ్చే ఏడు కాలేజీవాళ్లు నన్ను పిలవరు.

శక్తినగర్ కరెంటు ప్లాంటు డ్యూటీ బస్సు దిగి ఇంటికొచ్చిన నా భర్త యోగానంద్ ఆరిన రొట్టె ఒకటి విరిచి నోట్లో వేసుకున్నాడు.

“మీ డిపార్ట్‌మెంట్ హెడ్డు శరణబసవ సార్‌కు ఫోన్ జేసిన. నీకు జెరమొచ్చిందని చెప్పిన. రేపు ఇంకెవరన్న పోతరు.”

కోపం వచ్చింది. ఆయన మీద కన్నా, వెంటనే ‘పోనీలే’ అనబోయిన నా నోటి మీద ఎక్కువ వచ్చింది. నన్నడక్కుండా ఎలా చెప్పారన్నాను. ఇంట్లో పండగ పెట్టుకుని అడిగేదేముందన్నాడు. ఇష్టం లేకపోతే ఒక్క రొట్టె కూడా తట్టనక్కర్లేదని అత్త గడప దగ్గర నుంచి మూతి ముడిచింది.

“నేనేమన్న బలవంతం జేసిన్నా? పెండ్లైనప్పటి సంది నువ్వే సర్దుకుంటున్నవు” అన్నాడు ఆయన, నిజంగానే ఆశ్చర్యపోతూ.

నిజమే. ఈ ఇంట్లో ఎవరూ నా మీద చెయ్యెత్తలేదు, గట్టిగా అరవనూ లేదు. ఫలకాలు కూడా ఏడాదంతా కలిపి గోరు పెరిగినంతే జరుగుతాయి. సముద్రం మూసుకుపోవడానికి అది చాలింది.

చేతులు కడుక్కుని శరణబసవ సార్‌కు ఫోన్ చేశాను. నాకు జ్వరం లేదని, పొద్దున్నే కాలేజీ గేటు దగ్గర ఉంటానని కన్నడలో చెప్పాను. తర్వాత పిండి ఉన్న పరాత్ పళ్లెం తెచ్చి యోగానంద్ ముందు పెట్టాను. సగానికి పైగా పిండి ఇంకా అలాగే ఉంది. తనకు రొట్టెలు చెయ్యడం ఏం తెలుసునన్నాడు.

“అరచెయ్యి వెట్టి నొక్కుండ్రి” అన్నాను. “అది మీకొస్తది.”