ముందు తొడుగు, తర్వాత ముడి

ఐదో సూదిలో దారం ఎక్కించి, కొసన ముడివేసి, గుడ్డ ఉండకి గుచ్చాడు అతను. రోజుకి ఐదు సూదులు. భార్య కంటికి సూదిబెజ్జం కనబడటం మానేసి ఏడాదిన్నర దాటింది. ఆమెకి పనిచ్చే బట్టల దుకాణంవాళ్ళకి ఆ సంగతి ఇంకా తెలియదు. గుండీలూ కాజాలూ వేళ్ళతో తడుముకుంటూ కుట్టేస్తుంది. కానీ ఈమధ్య రెండు చొక్కాలు తిరిగొచ్చాయి.

"చెయ్యి ఇటివ్వు" అంది.

ఇచ్చాడు. ఎడమ మణికట్టు చుట్టూ తెల్లదారం తిప్పింది. దానికి గోరంత పసుపురంగు స్ట్రా ముక్క ఒకటి ముందే ఎక్కించి పెట్టుకుంది. తడుముకుంటూ ముడివేసి, మిగిలిన దారం పళ్ళతో తెంపింది.

"చెప్పు."

"ముందు తొడుగు, తర్వాత ముడి."

"మళ్ళీ చెప్పు."

"నేనేమన్నా బడిపిల్లాణ్ణా?"

"బడిపిల్లలైతే ఈపాటికి నేర్చుకునేవాళ్ళు. చెప్పవయ్యా."

చెప్పాడు. ఆమె నవ్వలేదు. ఇంతకుముందు రెండుసార్లు పరీక్షకి వెళ్ళినప్పుడు నవ్వుతూనే సాగనంపింది. ఇది మూడోసారి. నాలుగోసారి అంటూ ఉండదని కంపెనీ కాగితం మీద రాసి మరీ ఇచ్చింది.

నలభై ఎనిమిదేళ్ళ వయసులో అతను అప్రెంటిస్. వినడానికే ఎబ్బెట్టుగా ఉంటుంది. దేశమంతా తీగలు పరిచిన ఆ పెద్ద టెలిఫోన్ కంపెనీలో ఇరవై రెండేళ్ళు రాగితీగలు కలిపాడు. ఏ వీధిలో ఏ గోతిలో ఏ తీగ ఎవరింటికి పోతుందో అడిగితే కళ్ళు మూసుకుని చెప్పేవాడు. అయితే ఆ ఇరవై రెండేళ్ళూ కాంట్రాక్టు మనిషే. పోయినేడు కంపెనీ రాగికి చెల్లుచీటీ రాసింది. ఇకపై అంతా గాజుతీగేనట, ఫైబరు. రాగి పనివాళ్ళు ఈ నెలాఖరుకి ఇళ్ళకి పోవాలి. ఉండాలనుకున్నవాళ్ళు కుర్రకారుతో కలిసి ఏడాదిపాటు అప్రెంటిస్ గా చేరి, పరీక్ష నెగ్గితే ఉద్యోగం. పదకొండుమంది చేరారు. మొక్కై వంగనిది మానై వంగునా అంటూ ఒక్కొక్కళ్ళే జారుకున్నారు. మిగిలింది ఇతనొక్కడు. తోటి కుర్ర అప్రెంటిస్‌లు పెట్టిన పేరు రాగి బాబాయ్.

గాజు పని రాక కాదు. తల వెంట్రుకంత సన్నటి తీగని ఒలిచి, తుడిచి, కొస నున్నగా కోసి మిషన్లో పెట్టడంలో అతని వేళ్ళకి వంక పెట్టేవాడు లేడు. రోజూ ఐదు సూదులు ఎక్కించే వేళ్ళవి. చిక్కంతా అలవాటులో ఉంది. రాగితీగలైతే రెండు కొసలూ మెలిపెట్టి, ఆ ముడి మీద టోపీలాగా తొడుగు బిగించేవాడు. ముందు ముడి, తర్వాత తొడుగు. గాజుకి ఆ పప్పులుడకవు. మిషను నిప్పురవ్వతో రెండు కొసల్నీ అతికించేశాక అది ఒకటే తీగ. ఇక దానికి తొడుగు ఎటునుంచి ఎక్కిస్తారు? అందుకని సన్నగొట్టంలాంటి స్లీవుని ముందే ఒక కొసకి ఎక్కించి పక్కకి జరిపి ఉంచుకోవాలి. అతికాక దాన్ని అతుకు మీదికి లాగి వేడిచేస్తే బిగుసుకుంటుంది. మరిచిపోతే, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. అతుకు తెంపి మళ్ళీ మొదటికి రావాలి.

పాపం, ఇరవై రెండేళ్ళ చేతులు మరిచిపోయేవి. రెండు పరీక్షలూ అలాగే పోయాయి. ఆ సంగతి విన్న రోజునుంచే భార్య స్ట్రా ముక్కలూ దారాలూ పట్టుకుని ఇంట్లో పాఠం మొదలెట్టింది.

శిక్షణ హాలు చల్లగా ఉంది, స్పిరిట్ వాసన వేస్తోంది. గుమ్మం దగ్గర బల్లమీద స్టీలు గిన్నె ఉంది. గడియారాలూ ఉంగరాలూ అందులో పెట్టి లోపలికి రావాలి. గిన్నె పక్కన నిలబడ్డ మాస్టారు ఒకప్పుడు ఇతని నిచ్చెన పట్టుకున్నవాడే. చదువుకున్నాడు, పైకొచ్చాడు. ఇప్పుడు పరీక్ష పెట్టేది అతనే.

"అన్నా, ఆ దారం కూడా తియ్యాలి."

"దారమేగా, వదిలెయ్."

"దాని పీచు లేచి గాజుకి అంటుకుంటుంది. నువ్వే చెప్పు, నేనేం చెయ్యను?"

ముడి ఎంతకీ ఊడలేదు. గోళ్ళతో పీకాడు, పళ్ళతో లాగాడు. పక్కనున్న పంతొమ్మిదేళ్ళ అమ్మాయి, పోయినవారమే పరీక్ష నెగ్గిన అప్రెంటిస్, "నేను తీస్తాలే బాబాయ్" అని అతని బొటనవేలు లోపలికి మడిచి, దారాన్ని చేతిమీదుగా జార్చేసింది. ఈ ఏడాదిలో ఆ చెయ్యి అంతగా చిక్కిపోయింది. స్ట్రా ముక్కతో సహా దారం గిన్నెలో పడింది. మణికట్టు బోసిగా కనిపించి అతనికి ఎందుకో భయమేసింది.

పన్నెండు అతుకులు, పన్నెండు స్లీవులు, ఒక గంట. పరీక్షని ఉత్తుత్తి తీగమీద పెట్టి గాజు పాడుచేసే కంపెనీ కాదది. అతికించిన తీగలన్నీ ట్రేలో చుట్టిపెట్టిన డబ్బాని ఆ మధ్యాహ్నమే వంతెన పక్క వీధిలో గోతిలో దించుతారు. ఆ వీధి తీగల పని ఇకపై ఆ అమ్మాయిది. అందుకే డబ్బా తీసుకెళ్ళడానికి వచ్చి కూచుంది.

మొదటి అతుకు. ముందు తొడుగు, అని పెదాలు కదిపాడు. రెండోది, మూడోది. అతుకు ఎంత బాగా కుదిరిందో చెప్పే అంకెలు మిషను తెరమీద ముచ్చటగా వచ్చాయి. ఏడోదానికి పెదాలు కదపడం మానేశాడు. తొమ్మిదోదానికి ఇంటికెళ్ళి భార్యతో ఏమనాలో ఆలోచించుకున్నాడు. ముందు కంటి డాక్టరు దగ్గరికి పోదాం పద, అనాలి.

పదకొండోది అతికింది. అంకె అన్నిటికన్నా బాగా వచ్చింది. మిషను మూత తీసి స్లీవు లాగబోయాడు. వేళ్ళకి ఏమీ తగల్లేదు.

తీగకి స్లీవు లేదు. గంటకి ఇంకా ఐదు నిమిషాలుంది. ఒక్కో అతుకుకి సుమారు ఐదు నిమిషాలు. తెంపి మళ్ళీ అతికిస్తే పన్నెండోది ఉండదు.

అతను ఆ బోసి అతుకుని మెల్లిగా తీసి, ట్రేలో మిగతా చుట్టల అడుక్కి తోసేశాడు. చెయ్యి వణకలేదు. అదే అతనికి అన్నిటికన్నా సిగ్గనిపించింది. పన్నెండోది అతికించి, స్లీవు లాగి, వేడిచేసి, చెయ్యెత్తాడు. మిగిలిన ఒక్క స్లీవూ గుప్పిట్లో ఉంది.

మాస్టారు తెరమీద అంకెలన్నీ చూశాడు. ముఖం విప్పారింది. "కొట్టావన్నా!" అన్నాడు సారుతనం మరిచిపోయి, జేబులో కలం వెతుక్కుంటూ.

అమ్మాయి చప్పట్లు కొట్టి డబ్బా ఒళ్ళోకి తీసుకుంది. "ఏ గోతిలో దించాలి బాబాయ్? గుడ్డలషాపు ముందుదా, మూలదా?"

"మూలది. వానొస్తే మోకాలిలోతు బురద" అన్నాడు అలవాటుగా.

ఆ గోతిలో అతను ఒకప్పుడు మూడు రోజులు బురదలో మోకాళ్ళమీద కూచున్నాడు. ఎవడో తొడుగు వెయ్యకుండా వదిలేసిన ముడిని వెతుకుతూ, వాణ్ణి ఏడు తరాలవరకూ తిట్టిపోశాడు. వాడికీ ఇంట్లో ఏదో కష్టం ఉండే ఉంటుందని ఆరోజు తోచలేదు. ఇవాళ తోచింది. కానీ ఆ తిట్లని వెనక్కి తీసుకోవడం అతనివల్ల కాలేదు.

గుప్పిట తెరిచి బల్లమీద పెట్టాడు. "పదకొండోది బోసిగా ఉంది."

మాస్టారు తలుపువైపు చూసి, గొంతు తగ్గించాడు. "అన్నా, నాకేం కనబడలేదు. ఆ స్లీవు జేబులో వేసుకో."

"నీకు కనబడదులే. వానాకాలంలో ఈ పిల్లకి కనబడుతుంది."

"నేను చూసుకుంటాలే బాబాయ్" అంది అమ్మాయి. "నాకు తెలుసుగా ఎక్కడుందో. నేనే సరిచేస్తా."

"తెలిసి బోసితీగని గోతిలో దించుతావా? మొదటిరోజే ఈ బుద్ధి నేర్చుకోకు. డబ్బా ఇటియ్యి."

ఇచ్చింది. అతను పదకొండో తీగ వెతికి తెంపాడు. ముందు తొడుగు, అని ఈసారి పైకే అన్నాడు. ఒలిచి, తుడిచి, కోసి అతికించాడు. తొందరేమీ లేదు కాబట్టి నిదానంగా చేశాడు. స్లీవు అతుకుమీదికి వచ్చి, వేడికి బిగుసుకుని, నిక్షేపంగా కూచుంది. మిషను తన ధర్మం ప్రకారం అతుకు వేళని రాసుకుని పైఆఫీసుకి పంపేసింది. గంట దాటి తొమ్మిది నిమిషాలు.

"నా చేతుల్లో లేదన్నా ఇక" అన్నాడు మాస్టారు. చేతిలో కలం మూత ఇంకా తీసే ఉంది.

"తెలుసు. మూత గట్టిగా బిగించండి, నీళ్ళు చేరతాయి."

మెడలో కార్డు తీసి బల్లమీద పెట్టాడు. ఇంటికెళ్ళి ఏం చెప్పాలో తెలియలేదు. కంటి డాక్టరు మాట పెదాల దాకా వచ్చి ఆగిపోయింది. రేపు మళ్ళీ ఐదు సూదులు ఎక్కించాలి, అవి కుట్టే చొక్కాలు ఎన్నాళ్ళు తిరిగి రాకుండా ఉంటాయి? ఏడుపొస్తుందేమోనని గబగబా నడిచి, గిన్నెవైపు చూడకుండానే గుమ్మం దాటేశాడు.

కాసేపటికి అమ్మాయి డబ్బా చంకన పెట్టుకుని గుమ్మం దగ్గర ఆగింది. తన గడియారం తీసుకుంది. గిన్నె అడుగున తెల్లదారం ఒక్కటే మిగిలింది, ఎవరో కళ్ళు సరిగా కనబడనివాళ్ళు తడుముకుంటూ ఓపిగ్గా ముందు స్ట్రా ముక్క ఎక్కించి, ఆ తర్వాతే వేసిన ముడితో.