రామతులసి ఎవరండి?

పాస్‌పోర్టు ఎంక్వయిరీకి వచ్చిన కానిస్టేబులు అబ్రహాము వీధి మొదట్లో సైకిలు దిగి, "ఇక్కడ రామతులసి ఎవరండి?" అని అడిగాడు. అడిగిన ప్రతివారూ మెయిన్ రోడ్డు వైపు చెయ్యి చూపించారు. "దేవీచౌక్ దాటాక పెద్ద బోర్డుంటుందండి. సున్నం దగ్గర్నుంచి ఎనామెల్ దాకా అన్నీ దొరుకుతాయి" అన్నాడు ఒక పెద్దాయన. తనకి కావలసింది రంగులు కాదనీ, మనిషనీ అబ్రహాము చెప్పాడు. రామతులసి అనే మనిషి కూడా ఉందా అని ఆ పెద్దాయన ఆశ్చర్యపోయాడు. ఆయన ఆవిడ ఇంటి ఎదురింట్లో పదహారేళ్ళుగా ఉంటున్నాడు.

నవ్వుకోండి, తప్పులేదు. రాజమండ్రిలో ఆ కథ తెలిసిన వాళ్ళందరూ నవ్వారు. కొట్టులో కూర్చున్న వెంకటరత్నం కూడా "మా ఆవిడేనండి" అని నవ్వుతూనే లేచి కానిస్టేబుల్ని ఇంటికి తీసుకొచ్చాడు. వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చిన రామతులసి మాత్రం నవ్వలేదు. ఊరంతటికీ తెలిసిన తన పేరు తనది కాకుండా ఎప్పుడు పోయిందా అని ఆలోచనలో పడింది.

పదహారేళ్ళ కిందట, అన్నదమ్ములు వేరుపడినప్పుడు, వెంకటరత్నం సొంతంగా రంగుల కొట్టు పెట్టాడు. లైసెన్సు భార్య పేరు మీద తీసుకుంటే పన్నుల పరంగా సుఖమని ఆడిటర్ చంద్రరావు గారు సలహా చెప్పారు. ఆ విధంగా 'రామతులసి పెయింట్స్' వెలిసింది. బోర్డు మీద, సంచుల మీద, ఏటేటా పంచే క్యాలెండర్ల మీద ఆవిడ పేరే. ఇంట్లో మాత్రం మొగుడికి ఆవిడ 'ఏమేవ్', మిగతా అందరికీ పిన్నీ, అత్తయ్యా, వదినా. నెలకోసారి ఆడిటర్ గారి ఆఫీసు నుంచి కాగితాల కట్ట వచ్చేది. సంతకం పెట్టవలసిన ప్రతిచోటా సన్నటి పెన్సిల్ గుర్తు ఉండేది. ఆ గుర్తు ఎక్కడుంటే అక్కడ ఆవిడ సంతకం పెట్టేది. పొయ్యి మీద పాలు పొంగేలోగా పని అయిపోయేది. కాగితంలో ఏముందని ఆవిడ అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

2003లో రంగుల కంపెనీ వాళ్ళు, ఆ ఏడాది సరుకు బాగా అమ్మిన డీలర్లని బుడాపెస్ట్ నగరానికి వారం రోజులు పంపిస్తామన్నారు. కొట్టు యజమాని, వెంట ఇంకొకరు. ఖర్చంతా కంపెనీదే. రోజూ పొద్దున్న ఒక మీటింగు, తర్వాత ఎవరిష్టం వాళ్ళది. ఉత్తరం వచ్చిన రోజు వెంకటరత్నం సంబరంలో, "ఇద్దరం వెళ్దామే" అనేశాడు. పాస్‌పోర్టులకి ఫోటోలు తీయించాడు. ఉత్తరంతో వచ్చిన బొమ్మల పుస్తకం తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు.

ఆ పుస్తకం తెరిచిన రామతులసికి మొదట కనిపించింది ఒక బ్రిడ్జి.

ఆవిడ పుట్టిల్లు గోదావరికి అవతలి ఒడ్డున కొవ్వూరు. ఆవిడకి పదిహేడేళ్ళప్పుడు రైలు దారి మీద రోడ్డు వేసి కొత్త బ్రిడ్జి కట్టారు. ఆ చివరి నుంచి ఈ చివరిదాకా నడిచి వెళ్దామని నాన్నని అడిగింది. "పెళ్ళయ్యాక మీ ఆయనతో వెళ్దువుగాని" అన్నాడు నాన్న. పెళ్ళయ్యాక ఆయన్ని అడిగితే, పిల్ల పెద్దదయ్యాక చూద్దామన్నాడు. పిల్ల పెద్దదై, సామర్లకోట కాపురానికి వెళ్ళి, తల్లి కూడా అయింది. ఈ ఇరవై ఏడేళ్ళలో రామతులసి ఆ బ్రిడ్జిని లెక్కలేనన్నిసార్లు దాటింది. ఎప్పుడూ ఎవరి పెళ్ళికో, పురిటికో, లేదా పెనుగొండ అమ్మవారి దర్శనానికో, బస్సు కిటికీలోంచి. ఒక్క క్షణం దిగి నిలబడటానికి ఎప్పుడూ తీరిక దొరకలేదు.

బుడాపెస్ట్ కూడా రెండు ఊళ్ళేనట. ఒక ఒడ్డున కొండలతో బుడా, ఇంకో ఒడ్డున పల్లంగా పెస్ట్. నడుమ డాన్యూబ్ నది. "కొవ్వూరునీ రాజమండ్రినీ కలిపి ఒకే ఊరన్నట్టుందండి" అని ఆవిడ మొగుడితో చెప్పింది. ఆ పుస్తకం ఇంగ్లీషులో ఉంది. ఆవిడ ఇంటర్మీడియెట్ చదివిందన్న సంగతి ఇంట్లో అందరూ మరిచిపోయారు, ఆవిడతో సహా. కూతురి పాత డిక్షనరీ అటక మీంచి దింపి, రోజూ మధ్యాహ్నం ఒక్కొక్క మాటకీ అర్థం వెతుక్కుంటూ చదివింది. మొదటి వారం పేజీకి ఒక పూట పట్టింది. నెల తిరిగేసరికి డిక్షనరీ అవసరం తగ్గింది.

నోటు పుస్తకంలో ఏడు రోజులకీ ప్లాను రాసుకుంది. దిగగానే నది చూడాలి, ఆ తర్వాతే గది. మర్నాడు తాడుతో లాగే చిన్న రైలెక్కి కొండ మీది కోటకి. పార్లమెంటు భవనం గోడల రంగేమిటో తేల్చుకోవడానికి కొట్టులోంచి షేడ్ కార్డు తెప్పించుకుని, బొమ్మ పక్కన పెట్టి చూసి, 'ఐవరీ' అని రాసుకుంది. వేడినీటి కొలనుల్లో జనం పీకల్లోతు నీళ్ళలో నిలబడి చదరంగం ఆడతారని చదివి ఒక్కతే నవ్వుకుంది. అక్కడ తను గట్టు మీద కూర్చుని చూస్తుందట. పెద్ద మార్కెట్టులో ఎండుమిరపకాయల దండలు వేలాడదీసి అమ్ముతారని తెలిశాక, కారం పట్టుకెళ్ళే పని లేదని ఇంకో గీత రాసింది. నది నడుమ ఒక లంక ఉంది, దానికి ఒక రోజు. అది మన లంకల్లాగే ఉంటుందో లేదో చూడాలనుకుంది. ఏడో రోజు దగ్గర మాత్రం 'ఊరికే' అని ఒక్క మాట రాసి వదిలేసింది. బ్రిడ్జి బొమ్మ మీద సరిగ్గా నట్టనడుమ పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టింది. ఆ చుక్క చూసినప్పుడల్లా ఆవిడకి గుండె నిండిపోయేది.

ఆశ పెద్దదైతే అడ్డు కూడా తోసుకుంటూ వస్తుంది. ఒక ఆదివారం భోజనానికి వెంకటరత్నం బావగారు జోగేశ్వరరావు వచ్చాడు. తణుకులో బెల్లం వ్యాపారం, మంచి మాటకారి. సింగపూరు వెళ్ళొచ్చిన పాస్‌పోర్టు ఆయన దగ్గర సిద్ధంగా ఉంది. "బుడాపెస్టా, టూత్‌పేస్టా!" అని నవ్వించి, డీలర్లంతా మగవాళ్ళే ఉంటారనీ, ఆడవాళ్ళు ఆ చలికి తట్టుకోలేరనీ, పప్పన్నం దొరకదనీ చెప్పుకొచ్చాడు. "చెల్లెమ్మని కాశీ తీసుకెళ్ళవయ్యా, పుణ్యమైనా వస్తుంది. బుడాపెస్ట్‌కి నేనొస్తాను నీకు తోడు" అన్నాడు.

వెంకటరత్నం చెడ్డవాడు కాదు. ఇంటల్లుడు నోరు తెరిచి అడిగితే కాదనలేని మెత్తటివాడు. భార్య దగ్గరైతే ఏదైనా చెల్లుతుందని ధీమా. వంటింట్లోకి వచ్చి, వచ్చే ఏడు కాశీ వెళ్దామన్నాడు. ఆవిడ అలవాటుగా "అలాగేనండి" అంది. ఆ మధ్యాహ్నం బొమ్మల పుస్తకాన్నీ నోటు పుస్తకాన్నీ బీరువాలో చీరల అడుగున పెట్టేసింది. పెట్టి, బీరువా తలుపు మూయకుండా చాలాసేపు అక్కడే నిలబడింది. చచ్చిపోయిన వాళ్ళ గురించి ఏడవొచ్చు. వెళ్ళని ఊరి గురించి ఏడిస్తే లోకం నవ్వుతుంది. అందుకని ఆవిడ ఏడవలేదు.

యజమాని రాలేకపోతే ఆ సంగతి రాసి సంతకం చేయాలని, దాని మీద ఆడిటర్ సాక్షి సంతకం ఉండాలని కంపెనీ నియమం. అందువల్ల గురువారం పొద్దున్న చంద్రరావు గారు స్వయంగా ఇంటికొచ్చారు. జోగేశ్వరరావు కూడా వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. కంపెనీ ఫారాలు, ఆవిడ రాస్తున్నట్టుగా ఇంగ్లీషులో టైపు చేసిన ఉత్తరం బల్ల మీద ఉన్నాయి. వెంకటరత్నం పెన్ను ఇచ్చి, "అదిగో, పెన్సిల్ గుర్తున్న చోట పెట్టు" అన్నాడు.

రామతులసి పెన్ను పట్టుకుని వంగింది. అంతకుముందైతే ఆ ఇంగ్లీషు అక్షరాలు ఆవిడ కంటికి ఆనేవి కావు. నెల రోజులు డిక్షనరీతో కుస్తీ పట్టిన కన్ను ఇప్పుడు వాటి మీద ఆగింది. ఒక్కొక్క మాటే చదివింది. అనారోగ్యం వల్ల ప్రయాణం చేయలేననీ, నా ఇష్టపూర్వకంగా నా బదులు వీళ్ళిద్దర్నీ పంపిస్తున్నాననీ ఉంది.

"నాకు జబ్బేంటండి?" అంది మెల్లగా.

ఏదో రాయాలి కాబట్టి రాశారని వెంకటరత్నం సర్దిచెప్పబోయాడు. చంద్రరావు గారికి టైమవుతోంది, త్వరగా కానిమ్మన్నాడు. రామతులసి పెన్ను బల్ల మీద పెట్టేసింది.

"నా ఇష్టమని రాశారు. నా ఇష్టం ఎవరడిగారండి? మా నాన్నేమో పెళ్ళయ్యాక అన్నాడు. మీరేమో పిల్ల పెద్దదయ్యాక అన్నారు. ఇప్పుడు కాశీ అంటున్నారు. వెళ్తానండి, కాశీ కూడా వెళ్తాను. కానీ ఈ కాగితంలో ఉన్న రామతులసి నేనైతే, నాకు ఆ ఊరు చూడాలని ఉంది. నేను కాకపోతే, బోర్డు మీంచి నా పేరు తీసేయించండి."

గొంతు పెంచలేదు. అయినా ఆ ఇంట్లో అంత పెద్ద మాట అంతకుముందు ఎవరూ విని ఉండరు. జోగేశ్వరరావు నవ్వబోయి, ఎవరూ అందుకోకపోవడంతో ఊరుకున్నాడు.

చంద్రరావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. డెబ్బై ఏళ్ళ మనిషి, ఊళ్ళో అందరూ లేచి నిలబడే మనిషి. "అమ్మా, ఆ పెన్సిల్ గుర్తులన్నీ నావే" అన్నారు. "ఈ మెయిన్ రోడ్డులో ఎన్నో కొట్లు ఆడవాళ్ళ పేర్ల మీద ఉన్నాయి. సగానికి సగం నా సలహాలే. వాళ్ళల్లో ఒక్కర్ని కూడా నేను చూడలేదు. చూడాలనీ తోచలేదు. సంతకం కావలసినప్పుడు ఆడమనిషి యజమాని, సరదా దగ్గరికొచ్చేసరికి జబ్బు మనిషి. ఇది మనం అందరం కలిసి చేస్తున్న అన్యాయం వెంకటరత్నం. మొదటి చెయ్యి నాది." జేబులోంచి రబ్బరు తీసి ఉత్తరం మీది గుర్తు చెరిపేశారు. తర్వాత ఆ ఉత్తరాన్నే నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, కంపెనీ ఫారం ఆవిడ ముందుకు జరిపారు.

దాని మీద ఏ గుర్తూ లేదు. ఎక్కడ ఏం రాయాలో ఆవిడే చదువుకుని రాసుకుంది. యజమాని అన్నచోట తన పేరు రాసి సంతకం పెట్టింది. కింద ఇంకో గీత ఉంది. వెంట వచ్చేవారి పేరు యజమాని స్వయంగా రాయాలట. పెన్ను అక్కడ ఆగింది. బావా బావమరుదులిద్దరూ ఆ పెన్ను వంకే చూస్తున్నారు. రామతులసి తలెత్తి మొగుడి మొహంలోకి చూసింది.

"ఏవండీ, మీకు రావాలని ఉందా?"

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడిగింది. ఇంత చిన్న ప్రశ్న తను ఆవిడని ఎన్నడూ అడగలేదని వెంకటరత్నానికి ఆ క్షణంలో తెలిసింది. అడిగించుకోవడం ఇంత బాగుంటుందని కూడా అప్పుడే తెలిసింది. "ఉంది" అన్నాడు. ఆవిడ ఆయన పేరు రాసింది.

అందరూ వెళ్ళాక ఆయన నోటు పుస్తకం అడిగి తెప్పించుకుని మొదటినుంచీ చదివాడు. చదరంగం దగ్గర నవ్వాడు. చివరి పేజీ దగ్గర ఆగి, "ఏడో రోజు ఊరికే అని రాశావేంటి, రామతులసీ?" అన్నాడు.

తన పేరు ఆయన నోట విని ఆవిడ ఒక క్షణం తడబడింది. "ఆ రోజు ఏ పనీ లేదండి. బ్రిడ్జి నడుమ నిలబడాలి. ఎవరి పెళ్ళికీ వెళ్ళకుండా, ఎవరి కోసమూ తొందరపడకుండా, నీళ్ళు చూస్తూ నిలబడాలి. అంతే" అంది. వెంకటరత్నం పుస్తకం మూసి, చెప్పులు వేసుకున్నాడు. అంత దూరం ప్రయాణానికి ఇంకా మూడు నెలలుందనీ, గోదావరి బ్రిడ్జి మాత్రం పక్కనే ఉందనీ, ఇప్పుడు వస్తావా అనీ అడిగాడు.

అయ్యా, చదువుతున్న పెద్దలారా! మీ ఇంట్లో ఎవరి పేరు మీద ఏమున్నాయో ఒక్కసారి కాగితాలు తీసి చూడండి. ఆ పేరుగల మనిషిని పేరు పెట్టి పిలిచి, ఎక్కడికి వెళ్ళాలని ఉందో ఇవాళే అడగండి.