హరుకో గారి మూకీ రీళ్లు

శనివారం వస్తే చాలు, వసంతకుమారి అమెరికాలో, విక్సమ్‌లో ఇంటి ముందు కారు మీది మంచు గీకి, మొగుడు సుందర్ రాజ్‌కి సీటుబెల్టు పెట్టి, పక్క ఊరు నోవైలో లైబ్రరీకి డ్రైవ్ చేస్తుంది. పక్షవాతం ఆయన కాలూ చెయ్యీ జోలికి పోలేదు గానీ, మాట పట్టుకుపోయింది. తెలుగు చర్చిలో అమెరికా పాస్టర్ పక్కన నిలబడి, ఆయన ఒక ముక్క అంటే చాలు, తెలుగులో దంచేసిన మనిషి! ఇప్పుడు మంచినీళ్లకైనా వేలు చూపించడమే. ఇక మాట రావడం కష్టమని థెరపిస్ట్ కూడా చెప్పేసింది. ఆ గొంతు వినకుండా ఎలా బతకడమని వసంతకుమారి కుళాయి తిప్పుకుని మరీ ఏడ్చేది.

లైబ్రరీలో హరుకో గారనే జపాన్ ఆవిడ తమ దేశపు పాత మూకీలు వేసి, పక్కన నిలబడి కథ చెబుతుంది. ఆ రోజుల్లో అక్కడ తెర పక్కన ఒక కథకుడు నిలబడి అందరి మాటలూ తనే చెప్పేవాడు. హీరో కోసం కాదు, అతని గొంతు కోసం టికెట్ కొన్నవాళ్లూ ఉన్నారట. హరుకో తాతగారిదీ అదే పని. టాకీలొచ్చి ఆయన పొట్టకొట్టాయి, రీళ్లు మిగిలాయి. పక్కనెవరైనా మాట అందిస్తేనే ఆ రీళ్లలో కథ నడుస్తుంది. లేకపోతే మనుషులు పెదవులాడిస్తూ ఎక్కడివాళ్లక్కడే ఆగిపోతారు. ఇది నోవైలో అందరికీ తెలిసిందే.

ఆ వారం బొమ్మలో ఒక పిల్ల ఇల్లొదిలి వచ్చి ఏట్లో దూకుతుంది. ఎప్పుడు వేసినా దూకుతుంది, కథే అంత. వంతెన దగ్గరికొచ్చేసరికి హరుకోకి ఆగకుండా దగ్గు పట్టుకుంది. పిల్ల ఒంటికాలి మీద ఆగింది. బొమ్మలోనే వెనక పిల్ల తండ్రి పెదవులాడిస్తున్నాడు.

"ఎవరైనా చెప్పండర్రా, పిల్లకి కాళ్లు పీకవూ!" అంది వెనక సీట్లోంచి జ్ఞానప్రసూన.

సుందర్ రాజ్ లేచాడు. అలవాటు ఊరుకుంటుందా? పక్కన పెదవులు కదిలితే తెలుగు చెయ్యడమే ఆయనకి తెలుసు. తెర పక్కకెళ్లి నిలబడ్డాడు.

"ఏం జరిగినా ఫరవాలేదమ్మా," అన్నాడు బొంగురుగా. "చలిగా ఉంది. ఇంటికి రా."

పిల్ల వెనక్కి తిరిగి తండ్రి చెయ్యి పట్టుకుంది. ఆ రీలు ఇప్పుడలాగే ముగుస్తోంది. హరుకో ఏమీ అనుకోలేదు, వాళ్ల తాతా ఇలాంటివి చేసేవాడట.

తిరిగొచ్చేటప్పుడు కళ్లనిండా నీళ్లతో వసంతకుమారి హైవే మీద విక్సమ్ ఎగ్జిట్ దాటించేసింది.

"కళ్లెక్కడ పెట్టుకున్నావే? ఎగ్జిట్ పోయింది!"

"స్తోత్రం ప్రభువా!" అంది ఆవిడ, ఏడుస్తూ నవ్వుతూ. "తర్వాతది తీసుకుంటాలెండి."

తర్వాతదీ తీసుకోలేదు. సుందర్ రాజ్ తిట్లు అందుకున్నాడు. ఆయన్ని అలాగే తిట్టనిస్తూ, ఆవిడ కారు ఎక్కడో అవతలున్న బ్రైటన్ దాకా పోనిచ్చింది.