ఆరో చుట్టు

పండగ పూట పొద్దున్నే నాకు లెక్కలు నేర్పాలనిపించింది హెడ్లీ విక్సీకి. పబ్బు ముందు బెంచీ మీద కూర్చుని తిత్తి లాగి వాయించే మెలోడియన్ పట్టీలు బిగించుకుంటుంటే వచ్చి, ఇవాళ అయిదు చుట్లే, ఆరోది వద్దు అని మూడోసారి చెప్పాడు. హెడ్లీ మా ఊరి మోరిస్ నాట్యం జట్టుకు పెద్ద, అడుగులు నేర్పేది అతనే. మంచివాడే గానీ చెప్పిందే చెప్పి బుర్ర తింటాడు. నీకు కుడికాలేదో ఎడమకాలేదో తెలియని రోజుల నుంచీ నేను చుట్లు లెక్కపెడుతున్నాను, వెళ్లి నీ గజ్జెలు కట్టుకో అన్నాను. అతను నవ్వలేదు.

"నీ మీద అనుమానం కాదు థిర్జా. ఎదురుగా నిలబడేది క్లెమ్," అన్నాడు.

క్లెమ్ నా కొడుకు. ఒక్కగానొక్కడు, ఇరవై ఆరేళ్లవాడు.

పెంతెకొస్తు సోమవారం మా విథీకోట్‌లో ఆరుగురు మగవాళ్లు తెల్లబట్టలేసుకుని, మోకాళ్ల కింద గజ్జెలు కట్టుకుని, ముగ్గురికి ముగ్గురు ఎదురెదురుగా నిలబడి కర్రలాట ఆడతారు. మనిషికొకటి చొప్పున పాట ఆరు చుట్లు తిరుగుతుంది. జట్టులో ఎవరైనా పోతే ఆ ఏడు పండక్కి వాళ్ల చోటు ఖాళీగా వదిలేస్తారు. ఎదుటివాడు గాలిలోకే కర్ర విసురుతాడు. పోయినవాడి వంతు చుట్టు మాత్రం వాయించరు. వాయిస్తే తన వంతు ఆడటానికి వస్తాడంటారు. పాట ఆగేదాకా ఎవరూ అడుగు ఆపకూడదు కాబట్టి, ఎదుటివాడు అతనితో ఆడుతూనే ఉండాలి. హెడ్లీ తాత రోజుల్లో ఫిడేలు వాయించేవాడొకడు తాగిన మైకంలో ఆరోది వాయించాడట. ఖాళీకి ఎదురుగా ఉన్న మనిషి వరస విడిచి, ఆడుకుంటూ చర్చి వెనక సమాధుల దాకా వెళ్లిపోయాడట. పట్టుకునేసరికి ఊపిరి లేదట.

ఈ ఏడు ఖాళీ మా ఆయనది. ఎనక్ టిడ్‌మార్ష్. ఫిబ్రవరిలో పాలు పితుకుతూ కొట్టంలోనే కూలిపోయాడు. నేను పంటి డాక్టరు కోసం చెల్టెన్‌హామ్ వెళ్లాను, తిరిగొచ్చేసరికి దుప్పటి కప్పేశారు. ముప్ఫై ఒక్క ఏళ్లు కాపురం చేసిన మనిషి అలా చెప్పాపెట్టకుండా పోతాడా? అందరూ నేను ఏడుస్తాననుకున్నారు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది.

మధ్యాహ్నం పన్నెండుకు ఆట మొదలైంది. ఎండ చురుక్కుమంటోంది. ఊరంతా బీరు గ్లాసులు పట్టుకుని రోడ్డుకు అటూ ఇటూ నిలబడ్డారు. ముందు రుమాళ్లు ఊపుతూ ఆడే ఆటలు బాగానే సాగాయి. తర్వాత కర్రలాట. నాకు దగ్గరి వరసలో చివర క్లెమ్, వాడికి ఎదురుగా అవతలి వరసలో ఎనక్ చోటు. క్లెమ్ కర్ర ఊరికే గాలిని కోస్తూ తిరుగుతుంటే చూడలేక తల దించుకుని వాయించాను. కళ్లు మూసుకున్నా ఎవరి గజ్జెలేవో చెప్పగలను నేను. ఎనక్ ఎప్పుడూ అర క్షణం ఆలస్యంగా నేల తాకేవాడు. అందుకు ఎన్ని తిట్లు తిట్టానో లెక్కలేదు.

అయిదో చుట్టు అయింది. నేను ఆపలేదు. అలవాటులో వేళ్లు సాగిపోయాయని తర్వాత ఊరందరికీ చెప్పాను. అబద్ధం. తెలిసే వాయించాను. ఒక్కసారి అతని గజ్జెలు వినాలనిపించింది. క్లెమ్ ఎదురుగా ఉన్నాడని తెలిసి కూడా, ఒక్క చుట్టుకు ఏమవుతుందిలే అనుకున్నాను. తల్లినై ఉండి అలా అనుకున్నందుకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

హెడ్లీ ముఖంలో నెత్తురు చుక్క లేదు. అయినా అతని కాళ్లు ఆడుతూనే ఉన్నాయి. పాట సగానికి వచ్చేదాకా ఏమీ లేదు. అప్పుడు క్లెమ్ విసిరిన కర్రకు గాలిలో ఇంకో కర్ర తగిలి టక్కుమంది. వాడి చెయ్యి అదిరి వెనక్కి వచ్చింది. జనం ఇదేదో కొత్త గారడీ అనుకుని చప్పట్లు కొట్టారు. తర్వాత ఆ ఖాళీ చోట కంకర నలిగింది. తర్వాత గజ్జెలు, అర క్షణం ఆలస్యంగా.

నా గుండె ఎగిరిపడింది. భయంతో కాదు, సంతోషంతో. చప్పట్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

ఆరో చుట్టు ముగిసినా నేను ఏడోది ఎత్తుకున్నాను. క్లెమ్ రెప్ప వెయ్యడం లేదు. పక్కనుంచి వాడి పెదాలు నీలంగా కనిపిస్తున్నాయి. కర్రకు కర్ర తగిలినప్పుడల్లా వాడు ఒక్కో అడుగు వరస విడిచి చర్చి సందు వైపు జరుగుతున్నాడు. ఆపు థిర్జా, ఆపు అని హెడ్లీ ఎగురుతూనే అరుస్తున్నాడు. ఆపితే ఎనక్ మళ్లీ రాడు. ఆపకపోతే క్లెమ్ ఉండడు. ఇందులో ఆలోచించడానికేముంది అంటారు మీరు. నేను మాత్రం ఇంకో నాలుగడుగుల పాట వాయించాను.

అప్పుడు వేళ్లు లాగేసుకున్నాను. తిత్తి ఉస్సుమని మూసుకుంది. క్లెమ్ మోకాళ్ల మీద పడ్డాడు. మిగతా నలుగురూ ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయారు.

ఆ గజ్జెలు మాత్రం ఆగలేదు. పాట లేకుండానే, తీరిగ్గా, రోడ్డు దాటి నా బెంచీ వైపు వచ్చాయి. సరిగ్గా నా ముందుకొచ్చి ఆగాయి. ఎండలో కూర్చున్న నాకు పళ్లు టకటకా కొట్టుకున్నాయి. కొడుకు మోకాళ్ల మీద వణుకుతున్నాడు, నా కళ్లకు వాడు తప్ప ఇంకేమీ ఆనలేదు.

"పో, ఎనక్," అన్నాను. "కన్నబిడ్డ కోసం వచ్చావా? సిగ్గు లేదూ నీకు? పో ఇక్కణ్ణుంచి."

గజ్జెలు వెనక్కి మళ్లి, ఒక్కో అడుగే వేసుకుంటూ, చర్చి సందులోకి పోయి వినపడకుండా అయ్యాయి.

క్లెమ్‌ను బెంచీ మీద కూర్చోబెట్టి, ఎవరిదో కోటు కప్పి, ఇంత బ్రాందీ పోశారు. వాడి చేతులు మంచుగడ్డల్లా ఉన్నాయి. రెండు చేతులూ పట్టుకుని రుద్దుతూ, తప్పంతా నాదే నాయనా, ఇంకాస్త ఆగి ఉంటే మీ నాన్న నిన్ను తీసుకుపోయేవాడు అన్నాను. వాడు నన్ను వింతగా చూశాడు.

"నన్నెందుకు తీసుకుపోతాడమ్మా? నన్నసలు చూడనే లేదు. నీ వైపే చూస్తున్నాడు. నీ దగ్గరికి రావాలని కర్రతో దారి అడుగుతున్నాడు. నేనే పక్కకి జరిగి దారిచ్చాను."

ఇక్కడికొచ్చి ఏం చేశాడని అడిగాను.

క్లెమ్ చర్చి సందు వైపు చూస్తూ కోటు దగ్గరికి లాక్కున్నాడు.

"వంగి నీకేదో చెప్పబోయాడమ్మా. అప్పుడే నువ్వు పొమ్మన్నావు."